మేం ఎంచుకున్న లాయరు

మా కోళ్ల ఫ్యాక్టరీలో వెర్లీన్ చేయి తోలు తీసే యంత్రంలో ఇరుక్కున్నప్పుడు నేను ఆమెకు మూరెడు దూరంలో ఉన్నాను. రోలరు ముందు ఆమె గ్లవ్ కొసను పట్టుకుంది, తర్వాత చేతిని పట్టుకుంది. ఆపమని అందరం అరిచాం. సూపర్‌వైజరు డ్వేన్ ఆ యంత్రాన్ని ఆపించాడు గానీ కోళ్లు వచ్చే లైనును ఆపలేదు. కోళ్లు కుప్పపడుతున్నాయి, అవతలివైపు మళ్లించండి అన్నాడు. మేం మళ్లించాం. మెకానిక్ మరలు విప్పుతుంటే, ఆమె చేయి ఇంకా ఆ రోలర్ల మధ్యే ఉండగా, నేను పక్కన నిలబడి నలభై కోళ్లకు రెక్కలు కోశాను. ఆ సంగతి మీ దగ్గర దాచను.

కంపెనీ నర్సు చేతి మీద ఐసు పెట్టి, ముందు ఒక కాగితం మీద సంతకం చేయించుకుని, ఆ తర్వాత అంబులెన్సును పిలిచింది. గ్లవ్ సరిగా తొడుక్కోకపోవడం వల్లే ఇలా జరిగిందని ఆ కాగితంలో ఉంది. వెర్లీన్ ఎడమ చేతికి రెండు వేళ్లు పోయాయి. సంతకం చేసేది కుడి చేత్తో కాబట్టి కంపెనీకి ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగో రోజే ఆమెను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. తేలిక పని ఇస్తామన్నారు. ఆ తేలిక పని ఏమిటంటే, చేతికి కట్టుతో వచ్చి భోజనాల గదిలో కూర్చుని షిఫ్టు అయ్యేదాకా గోడ వంక చూడటం. మనిషి పనిలోకి వచ్చినట్టు రాసుకుంటే ఫ్యాక్టరీలో ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదని చూపించుకోవచ్చు. మీరు పక్క జిల్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చారు, మీకు ఇది కొత్త కాదు. మీ వెంట రాసుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు మాత్రం నోరు తెరుచుకుని చూస్తున్నారు. చూడండి, మిసిసిపీలో కోడి మాంసం మీ పళ్లెంలోకి ఇలాగే వస్తుంది.

ఏ లాయరు దగ్గరికి పోవాలో చెప్పమని మీరు నన్నడిగారు. చెప్తాను. కానీ అంతకన్నా ముందు నా కుళ్లు సంగతి చెప్పాలి. అది వదిలేస్తే మిగతా కథకు అర్థం లేదు.

హైవే మీద వంతెన దాటగానే తెల్లటి పళ్లతో నవ్వుతూ ఒకాయన కనిపిస్తాడు. దెబ్బ తగిలిందా, నాకు ఫోను చేయండి అని ఆ బోర్డు మీద రాసి ఉంటుంది. మేం ఆయన్ని బోర్డాయన అంటాం. వెర్లీన్‌కు దెబ్బ తగలడానికి ఏడాదిన్నర ముందే నేనాయనకు ఫోను చేశాను. పదకొండేళ్లుగా రెక్కలు కోసీ కోసీ నా కుడిచేతి వేళ్లు వంకర తిరిగాయి. పొద్దున లేవగానే వాటిని ఒక్కొక్కటిగా ఎడమ చేత్తో తెరుచుకుంటే గానీ దువ్వెన పట్టుకోలేను. ఫోనులో ఒక అమ్మాయి మూడే ప్రశ్నలు వేసింది. రక్తం వచ్చిందా, ఏ తేదీన జరిగింది, ఎవరైనా చూశారా అని. రోజూ జరుగుతున్నదానికి తేదీ ఎక్కడ తెచ్చేదమ్మా అన్నాను. మీ కేసు మాకు సరిపడదని చాలా మర్యాదగా చెప్పి పెట్టేసింది.

వెర్లీన్ విషయానికొస్తే ఆయన కారే ఆమె ఇంటికి వచ్చింది. వసారాలో కూర్చోబెట్టి ఆ చేతిని అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీశారు. ఆ వారమంతా ఊళ్లో అదే మాట. ఇంటింటి నుంచి ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపతో చేసిన తీపి మోసుకుపోయారు. నా వేళ్లు ఏళ్ల తరబడి పీకుతుంటే నా గుమ్మంలోకి గరిటెడు కూర తెచ్చినవాళ్లు లేరు. అసలే చర్చి పాటల్లో ముందు గొంతు కూడా వెర్లీన్‌దే. రెండు వేళ్లు పోయిన మనిషిని చూసి నా కడుపు రగిలిపోయింది. ఆ యంత్రమేదో నా చేతినే పట్టుకుని ఉంటే అని కూడా ఒక పూట అనుకున్నాను. రాసుకోండి, సిగ్గుపడాల్సింది నేను గానీ మీరు కాదు.

మా చర్చిలో ఆదివారం పూట సాక్ష్యాలు చెప్పుకుంటాం. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. స్వస్థత వచ్చాక చెప్పం, రాకముందే వచ్చిందని చెప్తాం. కుంటుకుంటూ లోపలికి వచ్చి, ప్రభువు నా కాలు బాగుచేశాడని అందరిముందూ చెప్పి, మళ్లీ కుంటుకుంటూనే ఇంటికి పోతాం. అందులో అబద్ధం లేదు. ముందు నోటితో అందుకుంటే తర్వాత ఒంటికి అందుతుందని మా అమ్మమ్మల నాటి నుంచీ నమ్మకం. ఆ ఆదివారం వెర్లీన్ లేచి కట్టు కట్టిన చేతిని పైకెత్తింది. "ప్రభువు నా చేయి నాకు తిరిగిచ్చాడు. నొప్పి లేదు. ఏ పనికైనా నేను సిద్ధం" అంది. చర్చి అంతా లేచి నిలబడి హల్లెలూయా అంది. ఆ హల్లెలూయా కూడా దానికే దక్కిందని నేను పళ్లు కొరుక్కున్నాను. రాలేనివాళ్లు ఇళ్లలో చూసుకుంటారని ఆరాధన మొత్తం వీడియో తీసి ఫోనులో పెట్టడం మాకు అలవాటు, ఆ వారం కూడా పెట్టారు.

సోమవారం డ్వేన్ నా దగ్గరికి వచ్చి, నీ వేళ్లు బాగా ఇబ్బంది పెడుతున్నట్టున్నాయే అన్నాడు. పదకొండేళ్లలో అతను నా వేళ్ల వంక చూడటం అదే మొదలు. కాటా దగ్గర ఒక చోటు ఖాళీ అవుతోందన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, వెర్లీన్‌కు ఇంకా నొప్పిగానే ఉందా అని.

"నిన్న చర్చిలో నొప్పి లేదంది. ఫోనులో ఉంది, చూసుకోండి" అన్నాను.

నేనన్నది అంతే. బుధవారానికల్లా నన్ను కాటా దగ్గరికి మార్చారు. పెట్టెలు తూచి చీటీలు అంటించడమే పని. ఎన్నో ఏళ్ల తర్వాత నా వేళ్లకు హాయిగా ఉంది. అది నాకు బాగా నచ్చింది కూడా.

రెండు వారాలు తిరక్కుండానే కంపెనీ లాయర్లు ఆ వీడియో బోర్డాయన ముందు పెట్టారు. ఆయన మూడు వాక్యాల ఉత్తరం రాసి వెర్లీన్ కేసు వదిలేశాడు. డ్వేన్ ఆమెను పిలిచి, నొప్పి లేదని నీ నోటితో నువ్వే చెప్పావుగా, వచ్చే సోమవారం నుంచి మళ్లీ తోలు యంత్రం దగ్గర నిలబడు, లేదంటే ఫ్యాక్టరీ కార్డు ఇచ్చేసి ఇంటికి పో అన్నాడు. బట్టలు మార్చుకునే గదిలో వెర్లీన్ మా అందరినీ నిలదీసింది, చర్చి మాట కంపెనీకి ఎవరు మోశారని. నేను వంగి బూట్లు విప్పుకుంటూ ఉన్నాను.

మర్నాడు షిఫ్టు దిగగానే చర్చి భోజనశాలలో ముప్పై ఒక్కరం ఆడవాళ్లం కూర్చున్నాం. మీటింగు పెట్టించింది బ్రదర్ లూషియస్. ఆయన ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు, ఆదివారం చర్చిలో డీకను, అంటే సంఘపెద్ద. ముందు పెద్ద రభసే జరిగింది. లాయర్లంతా ఒక్కటే, పని మానేసి పోదాం అంది కియోషా. అది మాలో అందరికన్నా చిన్నది, నోరు మాత్రం పెద్దది. పోయి ఏం తింటావే అని ఇంకొకరు. లూషియస్ చేయెత్తి, మీలో ఎంతమంది బోర్డాయనకు ఫోను చేశారో చెప్పండి అన్నాడు. కాసేపటికి ఒక చేయి లేచింది, తర్వాత ఇంకోటి. చివరికి పంతొమ్మిది చేతులు లేచాయి, అందులో నాదీ ఒకటి. పక్కదానికి తెలిస్తే నా వంతు అది కొట్టేస్తుందని ప్రతి ఒక్కత్తీ రహస్యంగా చేసింది. అందరికీ అదే అమ్మాయి అవే మూడు ప్రశ్నలు వేసింది. కుళ్లు నా ఒక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. కంపెనీకి మాత్రం మా అందరి కుళ్లూ ముందే తెలుసు.

"ఇన్నాళ్లూ లాయర్లు మనల్ని ఏరుకున్నారు. మంచి ముక్క ఒకటి తీసుకుని మిగతాది తొట్లో పారేశారు" అన్నాడు లూషియస్. "ఈసారి ఏరేది మనం."

ఆ రాత్రే ముగ్గురు లాయర్లకు కబురు పెట్టాం, మర్నాడు మా దగ్గరికే రమ్మన్నాం. ఇది గుర్తుపెట్టుకోండి, మీరు వాళ్ల ఆఫీసుల్లో కుర్చీ అంచున కూర్చోకండి, వాళ్లను మీ ముందు కూర్చోబెట్టండి. బోర్డాయన రానేలేదు. రాష్ట్ర రాజధాని నుంచి వచ్చినాయన పెన్ను చేతిలో పట్టుకునే వచ్చాడు. ఇక్కడ కేసు ఉన్నది వెర్లీన్ చేతికి ఒక్కదానికేనట, మిగతా చేతులు తర్వాత చూద్దామట. కాఫీ ఇచ్చి పంపేశాం.

మూడో మనిషి మా ఊరి ఆడమనిషే, పేరు పెటవే. బట్టలుతికే షాపు పక్కన, పాత చెప్పుల కొట్టులో ఆఫీసు. కార్లు గుద్దుకున్న కేసులు, రోడ్ల మీద జారిపడ్డవాళ్ల కేసులు చూస్తుంది. వాళ్లమ్మ ఒకప్పుడు మా లైన్లోనే పనిచేసింది. పెటవే వేళ్లు మాత్రం నిటారుగా ఉన్నాయి, గోళ్లకు రంగు ఉంది. ఆ గోళ్లు చూసి కూడా నాకు మండింది, ఏం చేయను.

ప్రశ్నలు మేమే వేశాం. ఎన్ని కేసులు ఓడిపోయావని అడిగాం. సగం అని చెప్పింది. కంపెనీ వాళ్లెవరైనా నీకు చుట్టాలా అని అడిగాం. కాదంది. రక్తం రాని చేతులు తీసుకుంటావా అంది కియోషా. తీసుకుంటానంది. మరి చర్చిలో వెర్లీన్ అన్న మాట ఏం చేస్తావని లూషియస్ అడిగాడు.

పెటవే తన కాగితాలు పక్కన పెట్టింది. "మా అమ్మ ప్రతి ఈస్టరుకూ చేయి బాగైపోయిందని లేచి చెప్పేది. ఇంటికొచ్చాక అన్నం నేను తినిపించేదాన్ని" అంది. "ఒక్క చేయి తెస్తే కంపెనీ ఆ మనిషిని అబద్ధాలకోరు అంటుంది. ఇన్ని చేతులు ఒకేసారి తెస్తే యంత్రం గురించి మాట్లాడక తప్పదు. సంతకాలు అందరూ కలిసి పెట్టాలి, ఎవరూ విడిగా రాజీ పడకూడదు. ఓడిపోతే ఓడిపోవచ్చు కూడా, ముందే చెబుతున్నా. ఇంకో మాట. చేయి లోపల ఉండగా లైను తిరిగిందని కళ్లతో చూసిన మనిషి కావాలి. ఆవేళ వెర్లీన్ పక్కన ఎవరున్నారు?"

అందరూ నా వంక చూశారు. నేను చెప్తే కాటా దగ్గర చోటు పోతుంది, ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే వెర్లీన్ సోమవారం మూడు వేళ్ల చేత్తో ఆ రోలర్ల ముందు నిలబడాలి. చివరికి లేచాను. చూసింది నేనే అన్నాను. చర్చి మాట డ్వేన్‌కు మోసిందీ నేనే అని చెప్పాను. ఎందుకు మోశానో కూడా చెప్పాను, బోర్డాయన సంగతి, ఇంటింటి కూరల సంగతి, ముందు గొంతు సంగతి, ఏదీ వదల్లేదు.

కియోషా నన్ను బయటికి గెంటమంది. ఇంకొకావిడ నా మొహం మీద ఉమ్మేసినంత పని చేసింది. వెర్లీన్ మాత్రం అరవలేదు. నా ముందుకొచ్చి, కట్టు విప్పి, ఆ చేతిని బల్ల మీద నా ఎదురుగా పెట్టింది. కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"దీని మీదా నీకు కుళ్లు, జానీ మే? ఇదిగో, తీసుకో" అంది.

నేను ఏడ్చాను. ఓదార్చినవాళ్లు లేరు, అది న్యాయమే. పోతానని తలుపు వైపు తిరిగితే వెర్లీనే ఆపింది.

"కూర్చోబెట్టండి దాన్ని. క్షమించి కాదు. అది పోతే లైను ఆగలేదని చెప్పే నోరేదీ?"

ఆ సాయంత్రమే ముప్పై ఒక్కరం సంతకాలు పెట్టాం. నా వాంగ్మూలం పెటవే రాసుకుంది, నలభై కోళ్ల సంగతి కూడా రాయించాను. గురువారం ఆ కాగితాలు కంపెనీకి చేరాయి. వెర్లీన్‌ను తోలు యంత్రం దగ్గరికి పంపే ఆర్డరు విచారణ అయ్యేదాకా నిలిచిపోయింది. శుక్రవారం భోజనాలకు కాస్త ముందు డ్వేన్ నా కార్డు లాక్కుని బయటికి నడవమన్నాడు.

నేను నడవలేదు. గేటు లోపల, అందరూ వచ్చిపోయే దారిలో నిలబడి, నా వాంగ్మూలం కాపీ తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. నా గొంతు పాటకు పనికిరాదు గానీ చదవడానికి సరిపోయింది. భోజనం గంట కొట్టారు. తెల్లకోట్లతో, జుట్టుకు వలలతోనే మా వాళ్లంతా బయటికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. రెండోసారి మొదటినుంచి చదవమంది కియోషా. చదివాను. అప్పటికి కంపెనీ పిలిపించిన పోలీసు, షెరిఫ్ మనిషి వచ్చాడు.

కుర్రవాడు, మొహమాటపడుతూనే వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టమన్నాడు. నా కుడిచేయి వెనక్కి తిరగదు నాయనా అంటే, ముందు వైపే బేడీలు వేశాడు. తర్వాత చీటీ తీసి పేరు, ఊరు రాసుకుని, లాయరున్నారా అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు వెర్లీన్ ముందుకొచ్చింది. ఆ మీటింగు తర్వాత అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు కూడా నా వంక చూడలేదు.

"నా లాయరే దాని లాయరు. పేరు పెటవే" అంది.

"నాకూ ఆవిడే" అంది కియోషా. దాని పక్కావిడ కూడా ఆ మాటే అంది, ఆ వెనకావిడా అంది, అలా వరసంతా ఒక్కొక్కరే అంటూ పోయారు. షెరిఫ్ మనిషి రాయడం ఆపేశాడు. భోజనం టైము అయిపోయింది, లోపలికి రండని డ్వేన్ గుమ్మంలోంచి రెండుసార్లు కేకేశాడు. ఒక్కరూ లోపలికి పోలేదు.