మూసలో కలిసిన పులి

మా ఆయన సింహాచలం మొండితనం నాకు పెళ్లయిన నాటి నుంచీ తెలుసు. కళ్లకు శుక్లాలొచ్చాయి, సాలూరు వెళ్లి చూపించుకుందాం రావయ్యా అంటే వింటేనా! అరకు సంతలో ఇంకా కుంపటి ముందే కూర్చుంటాడు. పులి, పాము, చేప, కోతి... కొండ మీద ఇంటిపేర్లు ఇలాంటివే. ఏ ఇంటిపేరు వాళ్లకు ఆ జంతువు రూపంలో వెండి ఉంగరం చేసిచ్చిన కంసాలి ఈయనే. ఇప్పుడు టూరిస్టులు వాటిని వింటేజ్ అంటూ వెతుక్కుంటున్నారు. కొత్తగా చేయించుకునేవాళ్లు మాత్రం తగ్గిపోయారు.

ఆ శుక్రవారం పెదబయలు వైపు నుంచి సోములమ్మ వచ్చింది, కోడలు రమణినీ చంటిపిల్లాడినీ వెంటబెట్టుకుని. సోములమ్మ మొగుడు గాసి వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. అతని పులి ఉంగరం కొంగున ముడేసుకుని తెచ్చింది. వాళ్లింట్లో ఒక ఆచారముంది. పోయినవాడి ఉంగరం కరిగించి, అదే వెండితో పుట్టినవాడికి చిన్న ఉంగరం చేయించాలి. అప్పుడే పోయిన మనిషి బిడ్డలోకి తిరిగొస్తాడు. వేరే వెండి రవ్వంత కూడా కలవకూడదు.

"బేగి సెయ్యి బావూ. ఇంటికెళ్లి ఈడికి పేరెట్టాల. ఈడు మా ముసలోడే. సూడు, మూతి ఎలా ముడుసుకుంతన్నాడో!" అని సోములమ్మ నవ్వింది. మొగుడు పోయాక అత్త నవ్వడం ఇదే మొదలని రమణి నా చెవిలో చెప్పింది.

మా ఆయన ఉంగరం అందుకుని, తడిమి చూసుకుని మురిసిపోయాడు. కుంపట్లో వెండి కరిగించే మూసలు రెండున్నాయి. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో ఊరూరా కొన్న పాత కడియాల ముక్కలు అప్పటికే కరుగుతున్నాయి. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని ముద్దు చేస్తూ అటు చూసేసరికి, ఆయన ఉంగరాన్ని ఆ కడియాల్లో వేసేశాడు.

"ఓరి నాయనో! ఏటి సేత్తన్నావయ్యా!" అని అరిచాను. ఆయన ఉంగరం తీద్దామని పటకారు పెట్టి కలియబెట్టాడు. కరిగిన వెండిలో ఇంకేం దొరుకుతుంది?

అత్తాకోడళ్లకు ఇంకా సంగతి తెలియలేదు. ఆయన పక్కకు వంగి, "నోరు మూసుకుని ఇందులోంచే చేసిచ్చీ. వెండికి గుర్తులుంటాయేటి?" అని గొణిగాను. తల అడ్డంగా ఊపాడు.

"సోములమ్మా, తప్పయిపోనాది. కళ్లు కనబడక మీ ఆయన్ని నలుగురి వెండిలో కలిపేశాను," అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆమె కుంపటి దగ్గరకు జరిగి మూసలోకి చూసింది.

"ఇందులో ఇంకా ఎవులెవులున్నారు?"

"తెల్దమ్మా."

"ముద్దంతా నువ్వే పట్టుకుపో సోములమ్మా. అందులోనే ఉన్నాడు కదా," అన్నాను.

"వద్దమ్మా. ఈడిలోకి పరాయోళ్లు కూడా వచ్చీత్తారు."

ఇంతలో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. తీసుకోమని నానమ్మకు అందించబోయాను. సోములమ్మ చేతులు చాచలేదు. వాడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"అయితే ఈడెవుడు బావూ?" అని మా ఆయన్ని అడిగింది.