బోర్డు వైపే చూసే మాస్టారు

వాసుదేవరావు ఆస్ట్రేలియాలో, మాసన్ లేక్స్‌లోని యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. కిందటేడు అమెరికా వెళ్ళి, ఒకప్పుడు నల్లజాతి విద్యార్థుల కోసమే వెలిసిన ఓ పాత కాలేజీలో కొన్నాళ్ళు ఉండి, అక్కడి పిల్లలు చదువు మానెయ్యకుండా ఎలా నిలబడుతున్నారో పెద్ద పేపరు రాసుకొచ్చాడు. క్లాసుకు రాకపోతే మాస్టార్లే ఫోన్ చేసి కనుక్కుంటారన్నది అందులో ముఖ్యమైన సంగతి. చదివినవాళ్ళంతా మెచ్చుకున్నారు, భార్య జయశ్రీ తప్ప.

"బాగానే రాశారు. మరి మీ క్లాసులో సగం కుర్చీలు ఖాళీ అంటారు కదా, వాళ్ళకెవరు చేస్తారండీ ఫోను?" అందామె పప్పులో తాలింపు వేస్తూ.

మాట గుచ్చుకుంది. భోజనం కాగానే, రావడం మానేసిన తలియాకి ఫోన్ చేశాడు. ఎక్కడో దూరాన ఉన్న సెడూనా అనే చిన్న ఊరి నుంచి వచ్చిన అబొరిజినల్, అంటే అక్కడి మూలవాసుల అమ్మాయి. వాళ్ళింట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి.

"హలో, నేను యూనివర్సిటీ నుంచి..." అన్నాడో లేదో, "నా కంప్యూటర్‌కి వైరస్ ఏం రాలేదు, పెట్టెయ్" అని ఆమే పెట్టేసింది.

స్పీకర్లో విన్న జయశ్రీకి నవ్వాగలేదు. "మీ ఇండియా యాక్సెంట్ విని, వైరస్ పేరు చెప్పి డబ్బు గుంజే స్కామ్ కాల్ అనుకుందండీ."

మళ్ళీ చేసి, లెక్కలు చెప్పే డాక్టర్ రావునన్నాడు.

"నువ్వు నిజంగా డాక్టర్ రావువైతే, నేను క్లాసులో ఎక్కడ కూర్చుంటానో చెప్పు" అంది తలియా.

ఆయనకు ఆమె ముఖమే గుర్తుకు రావడం లేదు, ఇంక కుర్చీ ఏం చెబుతాడు. "తెలియదమ్మా" అన్నాడు. "నేనెప్పుడూ బోర్డు వైపే చూస్తాను."

అవతల కిసుక్కున నవ్వు. "అయితే మీరే."

అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొదటి టెస్టు పోయింది. క్లాసులో పలకరించేవాళ్ళు లేరు. మానేసినా ఎవరికీ పట్టదనుకుని ఊరికి బస్సు కూడా చూసుకుంది.

"మంగళవారం నా రూముకి రా. ఆ టెస్టు ఇద్దరం కలిసి చేద్దాం" అన్నాడు.

వచ్చింది. రెండో లెక్క దగ్గరే ఆగి, "దీని తర్వాత ఇది ఎలా వచ్చింది?" అని అడిగింది. ఏళ్ళ తరబడి ఆయన "ఇది తేలికే" అని దాటేస్తున్న చోటు అది. విడమరిచి చెప్పేసరికి పేజీ నిండింది. అంత ఉందని ఆయనకూ అప్పుడే తెలిసింది.

తర్వాతి క్లాసులో పిల్లల వైపు తిరిగి ఒక్కొక్కరి పేరూ అడిగాడు. ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు తారుమారు చేసి అందరినీ నవ్వించాడు. ఆ సెమిస్టర్‌లో కొందరు మానేశారు కూడా. తలియా మాత్రం నిలబడింది, బొటాబొటి మార్కులతో పాసైంది. వంటింట్లో జయశ్రీకి ఆ కబురు చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడుస్తున్నారా?" అంది జయశ్రీ.

"ఉల్లిపాయలు" అన్నాడు. ఆ పూట ఆమె తరుగుతున్నది బెండకాయలు.