పశువుల డాక్టరు ఓటు

ఫెలిమ్ కాసిడీ తండ్రి ప్రొటెస్టంట్లైన ఎలియట్ల పొలంలో పాలేరుగా బతికి పాలేరుగానే పోయాడు. పెరటి గుమ్మం దాటి ఆ ఇంట్లోకి ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. కొడుకు మాత్రం అదే ఇంటి ముందుగదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని, ఇల్లాలు హేజెల్ ఎలియట్ చేసిన కేకు తింటూ టీ తాగేవాడు. పేదపిల్లలకు పెద్ద బడి ఉచితం చేసిన ఏడే ఫెలిమ్‌కు పదకొండేళ్లు నిండాయి. ఆ అదృష్టాన్ని పట్టుకుని సరిహద్దు దాటి డబ్లిన్ దాకా పోయి పశువుల డాక్టరై తిరిగొచ్చాడు. బ్రిటన్ పాలన కింద ఉన్న ఎనిస్కిలెన్‌లో, ఎర్న్ సరస్సు కనిపించే చోట ఇల్లు కట్టుకున్నాడు. తాను క్యాథలిక్కే అయినా రెండు చర్చిలవాళ్లూ అతన్నే పిలిచేవారు. జ్వరమొచ్చిన ఆవు డాక్టరు క్యాథలిక్కా, ప్రొటెస్టంటా అని అడగదు కదా అని నవ్వేవాడు. ఆవు అడగకపోయినా ఆవుగలవాళ్లు ఆలోచిస్తారని అతనికి తెలుసు.

1981 ఏప్రిల్‌లో ఆ జిల్లాకు పార్లమెంటు ఉప ఎన్నిక వచ్చింది. పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకాయన ప్రొటెస్టంట్ల పెద్దమనిషి, బ్రిటన్‌తోనే ఉండాలనేవాడు. రెండోవాడు బ్రిటన్ పాలన పోవాలని తుపాకి పట్టి జైలుకెళ్లి, అక్కడ నిరాహారదీక్ష చేస్తున్న ఖైదీ. ఫెలిమ్ ఎప్పుడూ ఓటేసే, తుపాకి వద్దనే క్యాథలిక్కుల మెతక పార్టీ పక్కకు తప్పుకుంది. ఇక అతనిలాంటివాళ్లకు అటా ఇటా అన్న ప్రశ్న తప్ప మరేమీ మిగల్లేదు.

ఎన్నికకు ముందురోజు హేజెల్ భర్త వెస్లీ ఎలియట్ కబురు పెడితే, కుంటుతున్న ఎద్దును చూడడానికి వెళ్లాడు. వెస్లీదీ ఫెలిమ్ వయసే. వెస్లీ తమ్ముడు మర్విన్ పగలు పొలం చేసుకుంటూ, సాయంత్రాలు బ్రిటన్ సైన్యంలో పనిచేసేవాడు. కిందటేడు ఆ ఖైదీ పక్షానికి చెందిన ముసుగు మనుషులు అతన్ని ట్రాక్టరు మీదే కాల్చి చంపారు. శవాన్ని ట్రాక్టరు మీంచి దించినవాళ్లలో ఫెలిమ్ కూడా ఉన్నాడు. పక్క పొలంలో గొర్రెకు మందేస్తూ తుపాకి మోత విని పరిగెత్తాడు.

ఎద్దు గిట్ట శుభ్రం చేస్తుండగా వెస్లీ గోడకు జారగిలబడి, "రేపు సంగతేంటి డాక్టరూ?" అన్నాడు.

"ఇద్దరి పేర్లూ కొట్టేసి, ఓటు చెల్లకుండా చేసొస్తా. ఇద్దరూ నా మనుషులు కారు."

"నాకు తెలుసులే." వెస్లీ తృప్తిగా తల ఊపాడు. "నువ్వు వాళ్లలాంటోడివి కాదు. చదువుకున్నావు, పైకొచ్చావు. మా నాన్న కూడా అనేవాడు, కాసిడీ కొడుకు మనలాగే తయారయ్యాడని."

మెచ్చుకోలుగానే అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఫెలిమ్ గిట్ట వదిలేసి నడుం నిమురుకుంటూ నవ్వాడు. కారెక్కాక ఆ నవ్వు గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

ఇంటికి వెళ్తూ అక్క దగ్గర ఆగాడు. నోరీన్ సరిహద్దు దగ్గర కొండమీద కౌన్సిలు కట్టించి ఇచ్చిన ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటి కోసం వాళ్ల నాన్న ప్రొటెస్టంట్ల చేతిలో ఉన్న కౌన్సిలు మెట్లు ఎక్కీ దిగీ ముసలివాడైపోయాడు. చివరికి ఇల్లు ఆమెకు దక్కింది, ఆయన పోయాక.

"కారు ఇంటిముందే పెట్టావే. ఇరుగూ పొరుగూ చూస్తే నీ పరువు పోదూ?" అంటూనే రొట్టె కోసి ముందు పెట్టింది.

"ఎత్తిపొడవకు అక్కా."

"ఎత్తిపొడవక ఏం చేయమంటావు? రేపు ఓటేస్తావా, ఎలియట్‌ను అడిగి వేస్తావా?"

"తుపాకి పట్టినోడికి నేనెట్లా వేస్తాను? మర్విన్‌ను దించిన చేతులివి."

నోరీన్ కత్తి పక్కన పెట్టింది. మర్విన్ ఆమె ఎదుట పెరిగినవాడే. "మర్విన్‌ను చంపమని నేనూ అనలేదు తమ్ముడూ. జైల్లో ఆ పిల్లాడు చచ్చిపోతున్నాడు. గెలిపిస్తే చావనివ్వరు. పార్లమెంటు మెంబరును ఏ ప్రభుత్వమైనా ఆకలితో చంపుకుంటుందా? ప్రాణం నిలబెట్టడానికే వెయ్యమంటున్నా."

ఫెలిమ్ రొట్టె సగం తిని లేచాడు.

మర్నాడు బడిలో ఓటు. పిల్లల బొమ్మలు అంటించిన గోడ పక్కన చెక్క అర. దారంతో కట్టిన పెన్సిలు. ఫెలిమ్ కాగితం పరిచాడు. రెండు పేర్ల మీదా అడ్డంగా గీత గీయాలని వచ్చాడు. "మనలాగే తయారయ్యాడు" అన్న మాట చెవిలో ఉంది. పెన్సిలు ఖైదీ పేరు పక్కన ఆగింది. గుర్తు పెట్టింది. అంత చిన్న గుర్తు. కాగితం మడిచి పెట్టెలో వేశాడు. ప్రాణం కాపాడాలనే వేశానని కారులో తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధం కాదు. పూర్తి నిజం కూడా కాదని తెలుసు.

ఖైదీ గెలిచాడు. చెల్లని ఓట్లు మూడు వేల పైచిలుకేనని రేడియోలో చెప్పారు. ఆ సాయంత్రం నోరీన్ ఉండే కొండమీద మంటలు వేసి డబ్బాలు వాయించారు. ఎలియట్ల వైపు ఊరంతా దీపాలు తొందరగా ఆర్పేశారు. ఫెలిమ్ భార్య ఎలిష్ కిటికీ తెరలు లాగేసి, "మనం ఎవరి పక్షమో ఎవరికీ చెప్పనక్కర్లేదు" అంది. భర్తను ఆమె ఏమీ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రొటెస్టంట్ల పొలాల నుంచి ఫోన్లు తగ్గాయి. వెస్లీ ఎక్కడో దూరపు పట్నం నుంచి వేరే డాక్టరును పిలిపించుకుంటున్నాడని తెలిసింది. నెలాఖరున ఒక తెల్లవారుజామున హేజెలే ఫోన్ చేసింది. దూడ అడ్డం తిరిగింది, ఆ డాక్టరు దొరకలేదు.

ఫెలిమ్ చొక్కా విప్పి, భుజం దాకా చెయ్యి పెట్టి, దూడ కాళ్లు వెతికి తాడు వేశాడు. వెస్లీ తాడు అందుకున్నాడు. ఇద్దరూ ఒకే ఊపున లాగడం ఏళ్ల అలవాటు. దూడ బయటపడి, మూతి తుడిచాక ఊపిరి తీసుకుంది. ఆవు దాన్ని నాకడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకే బకెట్టులో చేతులు కడుక్కున్నారు.

"చెల్లనివి మూడు వేల పైచిలుకేనంట," అన్నాడు వెస్లీ, నీళ్లలోకి చూస్తూ.

"విన్నాను."

"నీదందులో ఉందా?"

అవునంటే అయిపోయేది. వెస్లీ నమ్మాలనే చూస్తున్నాడు. ఆ చూపు ఫెలిమ్‌కు స్పష్టంగా కనిపించింది. నోరు తెరిచాడు. మర్విన్ మొహం గుర్తొచ్చింది, ట్రాక్టరు మీద ఒరిగిపోయిన తల గుర్తొచ్చింది, మాట రాలేదు. ప్రాణం కోసం వేశాను వెస్లీ అని చెబితే? ఎవరి ప్రాణం అంటాడు. దానికేం చెప్పాలి?

వెస్లీ తువ్వాలు అతనికిచ్చి, కొట్టం తలుపు తెరిచి పట్టుకున్నాడు. "మా నాన్న పొరబడ్డాడు," అన్నాడు మెల్లగా. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బదులు చెప్పొచ్చు.

మేలో ఖైదీ జైల్లో చనిపోయాడు. పార్లమెంటు మెంబరుగానే చనిపోయాడు. ఊళ్లో వాహనాలు తగలబెట్టారు, రోడ్లు మూసేశారు. ఫెలిమ్ చుట్టుదారిన అక్క ఇంటికి చేరాడు. నోరీన్ పొయ్యి ముందు కూర్చుని ఉంది. జపమాల ఒళ్లో ఉంది, చేతిలో లేదు.

"నేను అతనికే వేశానక్కా," అన్నాడు ఫెలిమ్.

ఆమె తలెత్తి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ అందరూ అట్లాగే అంటున్నారు. నిన్నటిదాకా ఎరగనన్నవాళ్లు కూడా."

"నిజం అక్కా."

"ఉండనీ. నీ ఇల్లు నీకుంది, నీ సరస్సు నీకుంది. నన్ను ఓదార్చడానికి అబద్ధం ఎందుకు?"

ఎట్లా రుజువు చెయ్యాలి? అక్కడ, కొట్టంలో, నోరు విప్పకపోయినా వెస్లీ తెలుసుకున్నాడు. ఇక్కడ విప్పినా అక్క నమ్మదు. ఆమె పక్కన కూర్చోవాలా, వెళ్లిపోవాలా తేలక, వాకిలి దగ్గరే నిలబడ్డాడు. బయట ఎవరో పిల్లలు అతని కారు మీద మట్టి విసిరి పరిగెత్తారు.

వేసవిలో వెస్లీ మంద సగం అమ్మేశాడని విన్నాడు. తమ్ముడు లేని పొలం ఒక్కడివల్ల కాదన్నాడట. ఫెలిమ్ అతన్ని సంతలో రెండుసార్లు చూశాడు. ఒకసారి తల ఊపుకున్నారు. రెండోసారి అదీ లేదు.

ఖాళీ అయిన సీటుకు ఆగస్టులో మళ్లీ ఎన్నిక జరిగింది. ఫెలిమ్ వెళ్లలేదు. ఎవరికీ జబ్బు చెయ్యని రోజు, ఎవరూ పిలవని రోజు. కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎలిష్ కోటు తొడుక్కుని ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి కోటు తగిలించి, కెటిల్ పొయ్యి మీద పెట్టింది. ఎవరికి వేశావని అతను అడగలేదు. అడిగితే ఆమె చెప్పేదేమో. ఆమె కప్పులు సర్దుతున్న శబ్దం వింటూ, ఆమె నోట ఏ పక్షం పేరు విన్నా తాను తట్టుకోలేనని అనుకుంటూ, కూర్చున్నచోటే ఉండిపోయాడు.