అంబాసిడర్ ఎత్తు

జోసెఫ్ ప్యాంట్లకు పట్టిన గ్రీజు సబ్బుకు లొంగదు. ముందు కిరసనాయిలు రాసి ఎండలో పెట్టి, ఆ తర్వాత బండ మీద వేసి బాదాలి. ఆయన భార్య ప్రేమలత పదకొండేళ్ళుగా ఆ పని చేస్తూనే ఉంది. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద వాళ్ళ కార్లు బాగుచేసే షెడ్డు, వెనకాలే ఇల్లు. వచ్చినవాళ్ళకు టీ పెట్టేదీ, విప్పిన బోల్టులు కడిగేదీ ఆమే. ఎవరైనా అడిగితే మాత్రం, ఇంటికాడే ఉంటాది, పనేమీ లేదు అంటాడు జోసెఫ్.

ఆమె ధర్మవరం మెకానిక్ తిరుపాల్ కూతురు. కొడుకులు లేని తిరుపాల్ పన్నెండేళ్ళప్పుడే ఆమెకు పానా పట్టడం నేర్పాడు. కాపురానికొచ్చిన రోజే అత్త జయమ్మ చెప్పేసింది, మా ఇంట్లో ఆడోళ్ళు కారు కింద పండుకోరు అని.

తొంభై ఏడు ఎండాకాలంలో నారాయణప్ప టాక్సీ వచ్చింది. పాత అంబాసిడర్. రొద్దం దారిలో రాళ్ళు అడుగుకు తగులుతున్నాయంటే జోసెఫ్ అడుగున ఎత్తు సరిచేసే బోల్టులు తిప్పి ముందుభాగాన్ని బాగా పైకి లేపాడు. రాళ్ళు తగలడం మానింది గానీ, పెనుకొండ మలుపుల్లో కారు మనిషిని పక్కకు తోసేసేంతగా ఒరగసాగింది. జోసెఫ్ షాకబ్జార్లు మార్చాడు. ఒరుగు తగ్గలేదు. నెలలు నిండిన కూతురు గౌరిని ఎల్లుండి ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోవాలని, ఆలోగా సరిచేయమని చెప్పి నారాయణప్ప బండి వదిలిపోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం జోసెఫ్ నిద్రపోతుంటే ప్రేమలత నాలుగు టైర్లలో గాలి సమానం చేసింది. జాకెట్లు కుట్టే టేపుతో ఒక్కో చక్రం నడిమి నుంచి మడ్గార్డు అంచు దాకా కొలిచింది. ముందుభాగం ఉండాల్సిన దానికంటే ఎత్తు. అందులోనూ ఎడమ పక్క కుడి కంటే రెండు వేళ్ళు ఎక్కువ. రాత్రి అన్నం పెడుతూ ఆ మాట చెప్పింది.

"చారులో ఉప్పు లేదు. అది చూసుకో ముందు," అన్నాడు జోసెఫ్.

పొద్దున వంటింటి కిటికీలోంచి చూస్తే, ఆమె చెప్పిన ఎడమ పక్కనే దించుతున్నాడు. ఇది కొత్త కాదు. ఆమె మాట రాత్రి ఆడదాని వాగుడు, పొద్దునకు జోసెఫ్ అనుభవం. ఎన్ని బండ్లు అట్లా బాగుపడి పోయాయో, ఎంతమంది ఆయన భుజం తట్టారో, అప్పుడంతా టీ గ్లాసులు పట్టుకుని తను ఎట్లా నవ్విందో తలచుకుంటే ఆమెకు ఆయన మీద కంటే తన నవ్వు మీదే ఎక్కువ అసహ్యం పుట్టింది. కానీ ఈసారి పని సగమే అయింది. జాకీ దించగానే కొలిచి సరిపోయిందన్నాడు. కారును ముందుకూ వెనక్కూ తోస్తేగానీ అది తన బరువు మీద కుదురుకోదు. అంతవరకు ఏ కొలతా నిజం కాదు.

అప్పటికే నారాయణప్ప వచ్చేశాడు, ఆసుపత్రికి పోవడానికి గౌరి వెనక సీట్లో కూర్చుని ఉంది.

ప్రేమలత గ్లాసులు కింద పెట్టింది. "దిగు గౌరీ. ఇంకా కాలేదు."

"లోపలికి పో," అన్నాడు జోసెఫ్.

ఆమె పోలేదు. నారాయణప్పతో కారు తోయించి మళ్ళీ కొలిచింది. ఎడమ పక్క ఇంకా వేలెడు ఎత్తే ఉంది. కొంగు దోపుకుని కారు కింద పడుకుంది. బోల్టు తిప్పడం, తోయించడం, కొలవడం. నాలుగోసారికి రెండు పక్కలూ ఉండాల్సిన ఎత్తుకు దిగి ఒకటయ్యాయి. నారాయణప్ప ఒక్కడే పెనుకొండ రోడ్డులో మొదటి మలుపు దాకా నడిపి చూసి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

ఆమె చీరంతా మన్ను, మోచేయి గీసుకుపోయి రక్తం. అంతా చూసిన మనిషే. అయినా నేరుగా జోసెఫ్ దగ్గరకు పోయి భుజం తట్టాడు.

"బాగ చేసినావబ్బా. నీ చెయ్యే చెయ్యి."

జోసెఫ్ కాదనలేదు. గౌరి తల వంచుకుంది.

జయమ్మ గడపలో నిలబడి చూస్తోంది. ఈ మాట అంటే ఈ ఇంట్లో ఏమవుతుందో ప్రేమలతకు బాగా తెలుసు. చేతులు తుడుచుకోకుండానే అంది:

"చేసింది నేను నారాయణప్పన్నా. ఈయప్ప అయిపోయిందన్న బండ్లో నీ బిడ్డను ఎక్కించుకోని పోతాంటివి."