మునుం ముందు మనిషి

షారోన్ మిరప సాలులో బోర్లా పడిపోతే కూలీల ముఠాలో ఒక్కరూ పరిగెత్తలేదు. అందరూ తలలు తిప్పి రెబ్కా వైపు చూశారు. "చూస్తారేమే, పట్టండి!" అని ఆమె అరిచాకే చేతులు కదిలాయి. కళ్ళముందు పిల్ల నురగలు కక్కుతుంటే కూడా మేస్త్రి మాట కోసం ఆగాలా? ఆగారు మరి. ఆ పల్లెలో అలవాటు అలాంటిది.

పక్కపక్క సాళ్ళలో ఆడవాళ్ళు కాయ కోస్తూ కదిలే వరుసే మునుం. అందులో మొదటి సాలు ముఠా మేస్త్రి రెబ్కాది. ఆమె ఎంత వడిగా పోతే మునుమంతా అంత వడిగా పోవాలి, ఆమెను దాటి ఎవరూ పోకూడదు. ఆసామితో మాట్లాడేదీ ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు గేటు బయట నిలబడి, ఆమె ఏం తెస్తే అది తీసుకుంటారు. రెబ్కాకు అదే గొప్ప. యాభైకి దగ్గరపడ్డాను, ఇక నాకెవరేం నేర్పాలి అనుకునేది.

మందు కొట్టాక మూడు రోజులు కోతకు పిలవనని ఆసామి శ్రీకృష్ణ ఆమెకు మాటిచ్చాడు. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి మరీ ఇచ్చాడు. "నువ్వు చెబితే మీవాళ్ళు కాదనరు రెబ్కా," అన్నాడు. ఆ ఒక్క మాటకే మనిషి పొంగిపోయింది! ఆ వారమే ఒక సాయంత్రం డ్రోన్‌తో మందు కొట్టించి, తెల్లారగానే కోతకు పిలిపించాడు. వాసన గొంతు పట్టేస్తుంటే ఆడవాళ్ళు గట్టు మీదే ఆగిపోయారు. "మందు కాదంట, టానిక్కంట. అయ్యగారు చెప్పారు, దిగండే," అన్నది రెబ్కానే.

ఆ పూటే పడిపోయిన షారోన్ ఆస్పత్రి దాకా కూడా చేరలేదు. ఆటోలోనే పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక రేకుల షెడ్డులో ముఠా కూడింది. షారోన్ తల్లి పున్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె గొంతు ఎలా ఉంటుందో ఆ ముఠాలో సగం మందికి తెలియదు. రెబ్కా లేచి నిలబడింది.

"రేపు నేనెళ్ళి అయ్యగారిని అడుగుతా. పున్నమ్మ తరఫున కూడా నేనే..."

"కూర్చో అక్కా," అంది కోటేశ్వరి. "నువ్వెళ్తావు, ఆయన తలుపేస్తాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకేం తెలుసు? టానిక్ అన్నది ఎవరు?"

"ఏందే, నా మీదికే వచ్చారా? మీకోసం ఎన్ని మాటలు పడ్డానే! ఒక్కసారైనా నోరిప్పారా మీరు?"

"ఇప్పనిచ్చావా? మొన్న వాసనొస్తోందంటే 'నోర్ముయ్' అన్నావుగా!"

షెడ్డంతా గోల. రెబ్కా మొహం మాడిపోయింది. చెంగు దులుపుకుని వెళ్ళిపోదామనుకుంది. వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. తిట్టినవాళ్ళు కూడా ఇప్పుడేం చెయ్యాలో ఆమే చెప్పాలని చూస్తున్నారు. పడిపోయిన షారోన్‌ను వదిలి తన వైపు చూసిన కళ్ళే అవి. వీళ్ళనిలా చేసింది శ్రీకృష్ణ ఒక్కడే కాదు, తను కూడా.

వచ్చి పున్నమ్మ పక్కన కింద కూర్చుంది.

"టానిక్ అన్నది నేనే వదినా. వాడి మాట నమ్మి నీ బిడ్డని దింపాను. ఇక ఒక్కదాన్నే ఆ గుమ్మం ఎక్కను. ఏం చేద్దామో నువ్వు చెప్పు."

పున్నమ్మ ఎంతకీ మాట్లాడదే! రెబ్కా నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. అంత కష్టం ఆమె ఏ ఎర్రటెండలోనూ పడలేదు.

"పొలంలో దిగుదాం," అంది పున్నమ్మ చివరికి. "కొయ్యొద్దు. కూర్చుందాం."

కబురు శ్రీకృష్ణకు చేరనే చేరింది. "రెబ్కాని లాగేస్తే మిగతావాళ్ళు వాళ్ళే దారికొస్తారు," అని నవ్వాడట.

మర్నాడు ముఠా వెళ్ళేసరికి గట్టు మీద పోలీసు జీపు ఉంది. పక్కనే శ్రీకృష్ణ, మందు నింపిన డ్రోన్, దాన్ని నడిపే వీరబాబు.

"రెబ్కా ఎవరు? ఎక్కు," అన్నాడు ఎస్సై.

"ఎందుకండీ? ఏం చేసిందని?" కోటేశ్వరి అడ్డం వచ్చింది. కానిస్టేబుల్ ఆమెను తోసేసి రెబ్కాను జీపెక్కించాడు.

శ్రీకృష్ణ సాళ్ళలోకి దిగి నిలబడ్డ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "కోస్తే కొయ్యండి, లేదంటే పొండి. ఒరేయ్ వీరబాబూ, డ్రోన్ లేపరా!"

"మనుషులున్నారండీ..."

"లేపమన్నానా!"

డ్రోన్ లేచింది. మిరప మొక్కలు ఊగిపోయాయి. మొదటి సాలు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళందరూ జీపు వైపే చూస్తున్నారు. 'కూర్చోండే' అన్న మాట రెబ్కా గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

అప్పుడు చివరి సాలులోంచి పున్నమ్మ కదిలింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, మొదటి సాలు మొదట్లో చతికిలబడింది.

"కొట్టరా వీరబాబూ! నా బిడ్డని చంపిన మందేగా, నా మీదా కొట్టు!"

ఆ గొంతు విని కోటేశ్వరి కూర్చుంది. తర్వాత ఆ పక్కామె. తర్వాత మునుం మునుమంతా. డ్రోన్ రొద వాళ్ళ తలల మీదికి వచ్చేసింది. శ్రీకృష్ణ అరుస్తూనే ఉన్నాడు.

జీపు కదిలింది. రెబ్కా మెడ తిప్పి వెనక్కి చూసింది. ఈసారి ఆమె వైపు ఎవరూ చూడటం లేదు.