నా ఒంట్లో లేని జబ్బు

పెళ్లయి ఇన్నేళ్లయినా మా బేకరీలో నేను మైదా బస్తా ముట్టుకున్నది లేదు. అత్తయ్య ముట్టుకోనిచ్చేది కాదు. బట్టీ దగ్గర పనిచేసే మాస్టరు లేని రోజున తనే నడుం బిగించి బస్తా లోపలికి లాక్కునేది. బట్టీలో ట్రేలు పెట్టడం, తీయడం వాళ్ల పని. కౌంటరు, బన్నుల మీద పాలు పూయడం, కేకుల మీద పేర్లు రాయడం నా పని. నేను బరువైనదేదైనా పట్టుకోబోతే మోచెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపించుకెళ్లేది. కోడల్ని కూర్చోబెట్టి తను చాకిరీ చేసే అత్తగారు కోటికొకరు ఉంటారేమో. ఆ ఒక్కరూ నాకే దొరికారని మురిసిపోయేదాన్ని.

మురిసిపోవడానికి ఇంకా పెద్ద కారణమే ఉంది. మేం పిల్లలు వద్దనుకున్నాం. ఆ మాట ముందు అన్నది మా ఆయనే. పెళ్లికి ముందు ఒక బస్టాపు బెంచీ మీద కూర్చుని, ఎటో చూస్తూ, తనకు తండ్రి కావాలని లేదనీ, అది చెప్పకుండా నన్ను చేసుకోవడం మోసమనీ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే మాట అతనికి ఎలా చెప్పాలో తెలియక నేను తిండి సహించకుండా తిరుగుతున్నాను. పిల్లలంటే నాకు చిరాకేమీ లేదు. ఎదురింటి టైలరమ్మ మనవరాలు రోజూ మా కౌంటరెక్కి కూర్చుని నా బుర్ర తినేస్తుంది, నాకది ఇష్టమే. కానీ అమ్మను కావాలన్న కోరిక నాలో ఎప్పుడూ పుట్టలేదు. కొందరికి ఈత నేర్చుకోవాలని ఉండదు చూడండి, అలాగ.

మా అమ్మ మాత్రం వినలేదు. ఆడదానికి పిల్లలు వద్దనిపించడమేమిటి, నీలో ఏదో తేడా ఉందంది. బట్టలు కొందాం రమ్మని తీసుకెళ్లి ఆసుపత్రిలో కూర్చోబెట్టింది. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ, నిక్షేపంలా ఉంది అంది. మా అమ్మ ముఖం వాడిపోయింది. కూతురికి రోగం లేదని తెలిసి దిగులు పడిన తల్లి ఈ లోకంలో మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి.

ఇక అత్తయ్యకు ఎవరు చెప్పాలి? పిల్లి మెడలో గంట నేనే కడతానన్నాడు మా ఆయన. ఒక సాయంత్రం నన్ను మేడమీద ఉండమని తను కిందికి వెళ్లాడు. చాలాసేపటికి వచ్చి, చెప్పాననీ, అమ్మ అర్థం చేసుకుందనీ, ఇక ఆ విషయం ఎప్పుడూ ఎత్తదనీ అన్నాడు. నిజంగానే ఎత్తలేదు. పైగా మర్నాటి నుంచి నన్ను చూసే చూపులోనే మెత్తదనం వచ్చింది. ఏమైనా విశేషమా అని కౌంటరు దగ్గర అడిగేవాళ్లు కూడా కొన్నాళ్లకు మానేశారు. అత్తయ్యే అందరి నోళ్లూ మూయించి ఉంటుందనుకున్నాను. కన్నతల్లికి అర్థం కాని నా మనసు అత్తగారికి అర్థమైందని లోపల్లోపల గర్వపడ్డాను. ఆ గర్వం మీదే ఇన్నేళ్లు బతికాను.

మొన్న మాస్టరు పన్ను నొప్పని రాలేదు. మా ఆయన గ్యాసు సిలిండరు కోసం వెళ్లాడు. మైదా తెచ్చిన బండివాడు బస్తాలన్నీ గుమ్మం బయట దించేసి, లోపల పెట్టడం నా పని కాదని చక్కా పోయాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి. తడిస్తే మైదా బంక అయిపోతుంది. చూస్తూ కూర్చోవడానికి నాకేమైనా చేతులు విరిగాయా? ఒక బస్తా ఎత్తి లోపల పడేశాను. రెండోది భుజం మీదికి తీసుకుని గుమ్మం దాటుతుంటే అత్తయ్య బట్టీ గదిలోంచి వచ్చింది. ఆమె చేతిలోని ట్రే కింద పడి బన్నులన్నీ దొర్లాయి.

"దించు. ముందది దించు. నీ ఒంట్లో అది పెట్టుకుని ఇంత బరువు మోస్తావా? ఏదైనా అయితే వాడికి నేనేం చెప్పుకోవాలి?"

దించాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కేకు డబ్బా మూత తీసుకుని విసరసాగింది.

"నా ఒంట్లో ఏముంది అత్తయ్యా?" అని అడిగాను.

ఆమె ఏడ్చేసింది. "తెలియనట్టు అడక్కమ్మా. వాడు నాకు అప్పుడే చెప్పాడు. గర్భసంచి పనికి రాదన్నారటగా. బరువులెత్తితే ప్రాణానికే ముప్పన్నారటగా. నీ దగ్గర ఎత్తితే తట్టుకోలేవని నాచేత ఒట్టేయించుకున్నాడు. అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు."

విసురుతూనే ఉంది. నాకు గాలి ఆడలేదు. ఆ కుర్చీ, మోచెయ్యి పట్టుకుని నడిపించడం, ఆ మెత్తటి చూపు, అన్నీ ఒక రోగికి జరిగిన సేవలు. వీధిలో వాళ్లకూ తెలుసట. వాళ్లకు తనే చెప్పిందట, నన్ను అడిగి బాధ పెట్టకూడదని. టైలరమ్మ మనవరాలిని రోజూ మా కౌంటరెక్కించేది కూడా అందుకేనట, నాకు కాస్త మనశ్శాంతిగా ఉంటుందని. ఆ పిల్ల నా కోసం వస్తోందనుకున్నాను. ఈ ఇంట్లో నన్ను నన్నుగా ఒప్పుకున్నారనుకున్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు, నా సంగతే ఎవరికీ తెలియదు.

మా ఆయన సిలిండరు దించి లోపలికి రాగానే పిండి గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశాను. కాదని అబద్ధమాడతాడేమో అనుకున్నాను. ఆడలేదు. ఆ రోజు నిజమే చెబుదామని వెళ్లాడట. పిల్లలు అనగానే వాళ్లమ్మ కళ్లు మెరిశాయట. ఆ కళ్లు చూసి నోట్లోంచి జబ్బు అనే మాట వచ్చేసిందట. పామూ చావకుండా, కర్రా విరగకుండా పని జరిపించుకోవడం మా ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

"జబ్బంటే ఎవరూ ఎదురు మాట్లాడరు," అన్నాడు. "ఇష్టం అన్నామనుకో, రోజూ సంజాయిషీ చెప్పుకుంటూ చావాలి. మీ అమ్మతో నువ్వు పడ్డది చాలదా? ఇక్కడ నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. నీకు జరిగిన నష్టమేంటి?"

"అలాంటప్పుడు ఆ జబ్బేదో నీకే ఉందని చెప్పొచ్చుగా?"

అతను తల దించుకుని చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"నలుగురిలో తిరిగేవాణ్ణి," అన్నాడు. "నేనెలా చెప్పుకోను?"

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. అబద్ధమాడినందుకు కాదు, పిరికివాడైనందుకూ కాదు. ఆ బస్టాపు బెంచీ మీద మేమిద్దరం సమానంగా కూర్చున్నామనుకున్నాను. కూర్చున్నది నేనొక్కదాన్నే. అది సాటి మనిషి చేసే పని కాదు, వెన్నుపోటు.

తలుపు తీసుకుని అత్తయ్య దగ్గరికి వెళ్లాను. ఆమె నేల మీద కూర్చుని బన్నులు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. మా ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"అత్తయ్యా, నాకు ఏ జబ్బూ లేదు. పిల్లలు వద్దని మేమిద్దరం అనుకున్నాం. ముందు అన్నది మీ అబ్బాయి. ఇక్కడే ఉన్నాడుగా, అడగండి."

ఆమె తలెత్తి కొడుకు వైపు చూసింది. నేనూ చూశాను. అవును అన్న ఒక్క మాట చాలు. జరిగినదంతా కాకపోయినా సగమైనా క్షమించేదాన్నని ఆ క్షణంలో నిజంగా అనుకున్నాను.

అతను వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోని బన్ను తీసి ట్రేలో పెట్టాడు.

"డాక్టరు ముందే చెప్పాడమ్మా," అన్నాడు నెమ్మదిగా. "బాధ ఎక్కువైనప్పుడు ఇలాగే మాట్లాడుతుందని. మనమే ఓర్చుకోవాలి."

నేను అరిచాను. ఇప్పుడే ఆసుపత్రికి పదండి, ఆ డాక్టరమ్మనే అడుగుదాం అన్నాను. బస్టాపు సంగతి చెప్పాను, మా అమ్మతో గొడవ సంగతి చెప్పాను. నా గొంతు పెరిగిన కొద్దీ అత్తయ్య కళ్లు నిండాయి. నేను చెప్పే ఒక్కో నిజం ఆమెకు నా జబ్బు ముదిరినట్టే వినబడుతోంది. అది తెలుస్తూనే ఉన్నా ఆగలేకపోయాను.

ఆమె మోకాళ్ల మీద నా దగ్గరికి జరిగి, పిండి చేతులతోనే నన్ను గుండెకు హత్తుకుంది. ఆమెది దొంగ ప్రేమ కాదు, అదే నా ఖర్మ. ఆమె భుజం మీదుగా మా ఆయన కనిపించాడు. గండం గడిచినవాడిలా ఊపిరి వదులుతున్నాడు.

"సరేలే తల్లీ," అంది అత్తయ్య నా తల నిమురుతూ. "నువ్వే వద్దనుకున్నావు. ఇక నుంచి అందరం అలాగే అనుకుందాం."