నీరుగంటికి జవాబు

ఎల్లప్ప ఎడమ కాలికి గొలుసు వేసింది అతని భార్య మునిరత్నమ్మ. బర్రెను అమ్మేశాక పాకలో మిగిలిన గొలుసు అది. ఒక కొన గుంజకు, రెండో కొన మనిషికి బిగించి, కొత్త తాళం వేసి, తాళంచెవిని తాళిబొట్టు పక్కన కట్టుకుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె అతని మీద చెయ్యెత్తి ఎరగదు. ఆ రోజు మాత్రం గింజుకుంటున్న భర్తను బోర్లా పడదోసి, వీపు మీద మోకాలు ఆనించి, తాళం నొక్కింది. నాలుగో రోజుకు చీలమండ చుట్టూ చర్మం లేచి ఎర్రటి మాంసం కనబడింది. ఈగలు వాలాయి. ఆమె పసుపు అద్ది, గుడ్డ చుట్టి, దాని మీదే మళ్లీ గొలుసు బిగించింది.

గొలుసు లేకపోతే అతడు చచ్చిపోతాడు. ఎక్కడ చచ్చిపోతాడో, ఎలా చచ్చిపోతాడో కూడా ఆమెకు తెలుసు.

పుంగనూరు నుంచి సోమల పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఆ ఊరికి ఎల్లప్ప చివరి నీరుగంటి. చెరువు కింద ఏ వరి కయ్యకు ఎప్పుడు నీళ్లు పారాలో చూసి, పారతో కాలువ గట్టు తెంపి మడవ తిప్పే పని తాతల నాటి నుంచి ఆ ఇంటిదే. ఆ ఇంటికి మాత్రం చెరువు కింద బెత్తెడు నేల లేదు. నేల ఉన్నవాడు వంతులో మోసం చేస్తాడు కనుక, లేనివాడి చేతికి పార ఇచ్చారు. తరువాత బోర్లు దిగాయి. చెరువులో తుమ్మలు మొలిచాయి. వరి పోయి టమాటా వచ్చింది; కాయలు బాక్సులకెక్కి మదనపల్లె మార్కెట్టుకు పోసాగాయి. నీరుగంటితో ఎవరికీ పని లేకపోయింది.

అరవై అయిదో ఏట అతనికి మతిమరుపు జబ్బు మొదలైంది. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు దాన్ని డిమెన్షియా అన్నాడు. మెదడు కొద్దికొద్దిగా చచ్చిపోతూ వస్తుందనీ, పోయింది తిరిగి రాదనీ, ఇటువంటివాళ్లను తిట్టకూడదనీ, కొట్టకూడదనీ చెప్పాడు. మొదటి రెండు మాటలను ఊరు బాగా గుర్తు పెట్టుకుంది.

జబ్బు ముందుగా అతనిలోంచి ముప్ఫై ఏళ్లను తుడిచేసింది. చెరువు మళ్లీ నిండింది, చచ్చినవాళ్లంతా బతికారు. తెల్లవారగానే పార భుజాన వేసుకొని రైతుల వీధిలోకి పోయి, ఇంటింటి ముందు నిలబడి, ఒకనాటి యజమానుల పేర్లు పెట్టి కేక వేసేవాడు.

"మల్లప్పో! నీ వంతప్పో! తడిసిందా?"

మల్లప్ప పోయి తొమ్మిదేళ్లు. పోయినవాళ్లను పేరు పెట్టి పిలిస్తే, వాళ్లు వచ్చి ఇంట్లో ఉన్నవాళ్లను వెంటబెట్టుకుపోతారని ఊరు నమ్మింది. పిలుపు వినబడగానే తలుపులు మూసి, బిడ్డల నోళ్లు నొక్కి పట్టుకునేవారు. ఒకరు రాయి విసిరారు. ఒకరు మిద్దె మీది నుంచి మరిగే నీళ్లు కుమ్మరించారు. భుజం మీద అరచేయంత బొబ్బ లేచింది. మూడేళ్లలో జవాబు మాత్రం ఒక్క ఇంటి నుంచీ రాలేదు. అతడు కాసేపు ఎదురు చూసి, కయ్యల దారి పట్టేవాడు.

పాత కాలువ చీలిన చోట ఇప్పుడు రైతుల వీధి వెంకటరమణ నీటి గుంట ఉంది. గట్లు పోసి, నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచి, బోరు నీళ్లు నింపి, అక్కడి నుంచి టమాటాలకు డ్రిప్పు పెట్టాడు. కిందటి నెల ఒక ఉదయం ఎల్లప్ప ఆ గట్టును, షీటుతో సహా, పారతో తెంపాడు. గుంటెడు నీళ్లు కిందనున్న బీడులోకి పోయాయి. వెంకటరమణ అతన్ని మోటారు షెడ్డు స్తంభానికి కట్టేసి డ్రిప్పు పైపుతో కొట్టాడు.

"యాల తెంపినావురా? యాల?"

"వంతప్పా," అన్నాడు ఎల్లప్ప ప్రతి దెబ్బకూ. "వంతు."

మునిరత్నమ్మ పరుగెత్తుకొచ్చేసరికి అతని పంచె రక్తంతో తొడలకు అంటుకుపోయి ఉంది. ఆమె వెంకటరమణ కాళ్ల మీద పడింది. అతడు కాలితోనే ఆమెను పక్కకు నెట్టాడు.

"పట్టుకోని పో. ఇంగోసారి వస్తే నేను కొట్టనులే. తీగే సూసుకుంటాది."

మరునాడు గట్టు పూడ్చి, గుంట చుట్టూ ఇనుప తీగ లాగి, పైన పోయే కరెంటు లైనుకు కొక్కెం తగిలించాడు. పందుల కోసమని చెప్పాడు. మూడో రోజు వీధికుక్క ఒకటి ఆ తీగను పళ్లతో పట్టుకొని, అలాగే బిగుసుకుపోయి కనబడింది. మునిరత్నమ్మ ఆ పళ్లను చూసింది. ఇంటికి వచ్చి గొలుసు వెతికింది.

ఆమెకు మరొక సంగతి కూడా తెలుసు. వెంకటరమణ ఇంట్లో పేడకళ్లు ఎత్తి, అంట్లు తోమేది ఆమే. వెనకవైపు టమాటా బాక్సులు పేర్చిన గదిలో వెంకటరమణ తల్లి పద్మావతమ్మ ఉంటుంది. ఆమెదీ ఎల్లప్ప జబ్బే. కూతురి దగ్గర కుప్పంలో ఉందని ఊరికి చెప్పారు. పద్నాలుగు నెలలుగా ఆమె ఎనిమిదడుగుల చీకటిలో ఉంది. కొరుకుతుందని, రక్కుతుందని చేతులు చీర పేలికలతో కట్టేసేవారు. పేలు పడ్డాయని జుట్టు కత్తిరించేశారు. రోజుకు రెండుసార్లు కట్లు విప్పి, కడిగి, ముద్దలు తినిపించి, మళ్లీ కట్టి గడియ వేయడం మునిరత్నమ్మ పని.

"నోరు తెరిస్తే పని పోతాది, ఊళ్లో నీడా పోతాది," అని వెంకటరమణ ముందే చెప్పాడు. ఆమె తెరవలేదు. భయం ఒక్కటే కారణమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఆ పెద్దింట్లోనూ ఒక మనిషి కట్టు మీద ఉందన్న సంగతి ఆమెకు లోలోపల కొంత ఊరటగా ఉండేది. ఆ ఊరటను ఆమె తరువాత ఎన్నడూ క్షమించుకోలేదు.

ఊరి క్లినిక్కుకు కొత్తగా వచ్చిన నర్సు నందిని, ఎల్లప్ప కాలిపుండుకు కట్టు కట్టిన రోజునే, సచివాలయం వసారాలో ఊరిని కూర్చోబెట్టింది.

"ఇది దయ్యమూ కాదు, శాపమూ కాదప్పా. షుగరు మాదిరి జబ్బు. వాళ్లను ఊళ్లో తిరగనీయల్ల. ఎదురుపడితే నిదానంగా పలకరించల్ల," అన్నది.

మల్లప్ప కొడుకు మునెయ్య లేచాడు. "నాకూ ఆ జబ్బే ఉండాది మేడమ్. పెండ్లానికి చీర తెస్తానని పుంగనూరు పోయి, మరిసిపోయి వస్తాండా."

"బ్రాందీషాపు దావ మాత్రం మరిసిపోవు," అన్నది వెనక నుంచి అతని భార్య. వసారా అంతా నవ్వింది.

వెంకటరమణ నవ్వలేదు. "నా గుంట తెంపినోడితో నిదానంగా మాట్లాడల్లా? ఎవురింటి పిచ్చోళ్లను వాళ్లు కట్టేసుకోవాల. అంతే."

మునిరత్నమ్మ నిలబడింది. "తీగ తీసేయప్పా. నేను గొలుసు తీసేస్తా."

"తీగ పందులకమ్మే."

"పందులు వచ్చేది రాత్రి కదప్పా. తెల్లారినాక కూడా కరెంటు యాల ఇడిసిపెడతాండావు?"

వెంకటరమణ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీ మొగుడు నాకు పందికంటే ఎక్కవేం కాదు. వస్తే సస్తాడు."

కరెంటు ఆఫీసుకు రాస్తానన్నది నందిని. "రాసుకో మేడమ్. లైన్‌మన్ మా బామ్మర్దే," అని అతడు మెట్లు దిగిపోయాడు. అతని వెనకే ఊరూ లేచిపోయింది. నందిని పక్కన మునిరత్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది. కట్టేసుకోవాల అన్న ఆ మనిషి తన ఇంట్లో ఎవరిని కట్టేసుకున్నాడో ఆమెకు తెలుసు. తెల్లవారేసరికి క్లినిక్కు వదిలి రైతుల వీధికి రమ్మని నందినికి చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

ఆ సాయంత్రం పద్మావతమ్మకు ముద్దలు తినిపించి, చేతులు కట్టకుండా, గడియ వేయకుండా ఇంటికి వచ్చింది.

తెల్లవారగానే భర్త కాలి గొలుసు విప్పింది. పుండు నుంచి గుడ్డ ఊడబెరుకుతుంటే అతడు పశువులా అరిచాడు. అటక మీద దాచిన పార దించి చేతికిచ్చింది. దాని కర్ర కామ తగలగానే అతని వేళ్లు నిమ్మళించాయి. కుంటుతూ నడిచాడు. గొలుసు చేతికి చుట్టుకొని ఆమె వెంట నడిచింది.

మునెయ్య ఇంటి ముందు మల్లప్పను పిలిచాడు. తలుపు మూసుకుంది. వెంకటరమణ ఇంటి ముందు ఆగాడు.

"చిన్నప్పో! నీ వంతప్పో! తడిసిందా?"

చిన్నప్ప వెంకటరమణ తండ్రి; పదకొండేళ్ల నాడు పోయాడు. ఎల్లప్ప పార భుజం మార్చుకున్నాడు. తరువాత ఇంటి వెనక నుంచి బాక్సులు దొర్లిన చప్పుడు, దాని మీదుగా ఒక ముసలి గొంతు.

"తడవలేదు ఎల్లప్పా! ఉండు, నేనూ వస్తాండా!"

బోడితలతో, మణికట్ల మీద నల్లటి కట్టు వాతలతో పద్మావతమ్మ సందులోంచి వీధిలోకి వచ్చింది. తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి.

"కుప్పంలో ఉండాదంటిరే!" అని ఎవరో అన్నారు.

నందిని పరుగున వచ్చి ఆ చేతులు పట్టుకొని చూసింది. "ఏమని పలికినావమ్మా?"

"ఇదేం అడగడం? నీరుగంటి పిలిస్తే పలకల్ల కదా," అన్నది పద్మావతమ్మ, తెలియనివాళ్ల మీద జాలిపడుతున్నట్టు. "కయ్య తడిసింటే తడిసిందనల్ల, ముందింటికి పోతాడు. తడవలేదన్నా, పలక్కపోయినా, తానే కయ్యకు పోయి మడవ తిప్పుతాడు."

మునిరత్నమ్మ ఆ మాట వినడం అదే మొదలు. నేల లేని ఇంటి ముందు ఏ నీరుగంటీ ఎన్నడూ కేక వేయలేదు. నేల ఉన్న ఇళ్లు ఆ మాటను చెరువుతో పాటే మరిచిపోయాయి.

వెంకటరమణ పంచె ఎగ్గట్టుకుంటూ బయటికి వచ్చాడు. తల్లిని చూశాడు, తల్లిని చూస్తున్న ఊరిని చూశాడు. మునిరత్నమ్మ దవడ మీద కొట్టాడు. ఆమె అరుగు రాతికి తగిలి పడింది. పెదవి చీలి రక్తం మెడ మీదికి కారింది. అతడు తల్లి రెక్క పట్టి లోపలికి ఈడ్చాడు. ఆమె అతని ముంజేతిని కొరికింది.

"ఎవురప్పా నువ్వు? మా యింటాయనతో సెప్తా సూడు!"

ఎల్లప్ప పార తిప్పి, చదునుగా, వెంకటరమణ భుజం మీద మోదాడు. ఎముక చప్పుడైంది. వెంకటరమణ మోకాళ్ల మీద కూలాడు. ముసలివాళ్లిద్దరూ గుంట వైపు నడక సాగించారు.

మునిరత్నమ్మ లేచి, రక్తం తుడుచుకోకుండానే వాళ్లను దాటి ముందు నడిచింది. నందిని కేకలు వేసింది. ఆమె తిరిగి చూడలేదు. గుంట రెండు వందల అడుగుల దూరం. ముందు తాను, వెనక భర్త, ఆ వెనక పద్మావతమ్మ. తీగ ఆ వరసలోనే అందుతుంది.

"కరెంటుండాది!" అని అరిచాడు వెంకటరమణ. "మా యమ్మ! అమ్మను పట్టుకోండప్పా!"

"ఉండాది," అన్నది మునిరత్నమ్మ. "పెట్టింది నువ్వే."

అతడు వేలాడే భుజంతో, చేనికి అడ్డంగా, టమాటా కట్టెలు విరుచుకుంటూ పరుగెత్తాడు. కొక్కెం దించే వెదురు కట్టె షెడ్డు వెనక ఉంది. అక్కడికి పోయే వ్యవధి లేదు. లైను నుంచి దిగిన తీగను ఉత్త చేత్తో పట్టి లాగాడు. పైతోలు లేచిన అతుకు దగ్గర అరచెయ్యి అంటుకుపోయింది. ఒళ్లంతా విల్లులా వంగింది. గొంతులోంచి వచ్చిన చప్పుడు మనిషిది కాదు. ఆ బరువుకే కొక్కెం ఊడింది. అతడు చాళ్ల మధ్య పడ్డాడు. కాలిన మాంసం వాసన గాలిలోకి వచ్చింది.

మునిరత్నమ్మ చెయ్యి తీగకు జానెడు దూరంలో ఉంది. ఆమె దాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది. కాలితో నేలకు తొక్కి దారి ఇచ్చింది.

ఎల్లప్ప గట్టెక్కి పార ఎత్తాడు. పద్మావతమ్మ పక్కన నిలబడి, అంచుల దాకా నిండిన నీళ్లను చూసింది.

"తడిసింది ఎల్లప్పా. సాలు. పోయి రా."

"సరేమ్మా," అన్నాడు ఎల్లప్ప. పార దించి, భుజాన వేసుకొని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

గట్టు కింద ఊరు ఊరంతా నిలబడి ఉంది. మూడేళ్ల రాళ్లు, మరిగిన నీళ్లు, పైపు దెబ్బలు, తీగ, గొలుసు. వీటన్నిటికీ బదులు కావలసినది ఒక్క మాట.

వెంకటరమణను నందినే మదనపల్లెకు తీసుకుపోయింది. రెండు వేళ్లు తీసేశారు. మునిరత్నమ్మ విని తల ఊపింది, అయ్యో అనలేదు. నందిని తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగి, ఏమని పలకాలో నేర్పింది. వెంకటరమణ ఇంటి అరుగు మీద ఇప్పుడు పద్మావతమ్మే కూర్చుంటుంది, తానే పలుకుతుంది. ఆమె నిద్రపోయిన రోజున లోపలి నుంచి, పళ్ల సందున, కొడుకు గొంతు పలుకుతుంది. మిగిలిన ఇళ్లూ ఒక్కొక్కటిగా నేర్చుకున్నాయి. కొన్ని ప్రేమతో, ఎక్కువ భాగం సిగ్గుతో.

మునెయ్య ఇల్లు మాత్రం పలకలేదు. తండ్రి పేరుకు బదులిస్తే చావు వస్తుందని అతనికి ఇంకా భయం. పదో రోజు ఉదయం ఎల్లప్ప ఆ తలుపు ముందు రెండుసార్లు పిలిచి, కయ్యల వైపు చూశాడు. ఒక కాలు అటు వేశాడు.

మునిరత్నమ్మ చేతికి చుట్టుకున్న గొలుసు విప్పి, తలుపు మీద బలమంతా పెట్టి కొట్టింది. లోపల పసిబిడ్డ ఏడ్చింది. మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు చెక్క పెచ్చు లేచింది. నాలుగో దెబ్బకు చెయ్యి పైకెత్తే వేళకు, తలుపు వెనక నుంచి మునెయ్య గొంతు వచ్చింది.

"తడిసింది... తడిసింది ఎల్లప్పా. పోయి రా."

"సరేప్పా," అన్నాడు ఎల్లప్ప. ముందింటికి నడిచాడు. ఆమె గొలుసును మళ్లీ చేతికి చుట్టుకుంది.